ఈడీ టీచర్

శ్రావణి ఫోన్ చేసినప్పుడు నేను స్టాఫ్‌రూంలో తొమ్మిదో తరగతి నోటుపుస్తకాలు దిద్దుతున్నాను.

"మేడం, గుర్తుపట్టిన్రా? దిల్‌సుఖ్‌నగర్ స్కూల్ల ఆరో తరగతి. మన ఈడీ టీచర్ లేరంట మేడం. పోయిన ఆదివారం చనిపోయిన్రంట. నాకూ ఇయ్యాల్నే తెలిసింది."

ఆ పిల్ల ఇంకా ఏదో చెబుతోంది. ఛాతీలో నొప్పి అన్నారని, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందని, ఇల్లు ఇప్పటికీ అల్మాస్‌గూడలోనే అని. నా రెండు వేళ్ళు నాకు తెలియకుండానే గొంతు మీదికి వెళ్ళాయి. పన్నెండేళ్ళుగా ఇంతే. ఎవరైనా నిన్నటి సంగతి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెడితే చాలు, వేళ్ళు అక్కడికి పోతాయి. ఒక్కోసారి ఆ వేళ్ళు నావి కావేమో అనిపిస్తుంది.

ఆమె పేరు రాయను. పిల్లలకు ఆమె ఈడీ టీచర్. జరిగిపోయిన పనిని చెప్పడానికి ఇంగ్లీషు మాట చివర తగిలించే ఇ, డి అనే రెండు అక్షరాల నుంచి వచ్చిన పేరు అది. ఆ రెండక్షరాల మీద అంత ప్రేమ పెట్టుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మా స్కూలు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో, మూడంతస్తుల ఇంట్లో ఉండేది. రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల గోల, మా సందులో ఇస్త్రీ బండి, పక్కనే కూరగాయల తోపుడు బళ్ళు. రెండో అంతస్తులో చివరి గది ఆమెది. ఆమె క్లాసు నడుస్తుంటే కింద మెట్ల దగ్గరికే వినిపించేది.

"గొంతు మీద ఏలు పెట్టుండ్రి. 'వాక్' అనుండ్రి. ఆఖర్ల ఏలుకు మోగిందా?"

"లేదు టీచర్!"

"మోగకుంటే తోక 'ట్'. వాక్ట్. ఇగ 'ప్లే' అనుండ్రి. మోగిందా?"

"మోగింది టీచర్!"

"మోగితే తోక 'డ్'. ప్లేడ్."

నలభై మంది పిల్లలు గొంతు మీద వేళ్ళు పెట్టుకుని కూర్చుంటే, వరండాలో పోయేవాళ్ళకు అది ఈఎన్‌టీ డాక్టరు దగ్గరి వరసలా కనిపించేది. మూడో తోక గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు తగ్గించేది, రహస్యం చెబుతున్నట్టు. "మాటనే ట తోనో డ తోనో అయిపోయిందనుకో. దాని మీద ఇంకో డ ఎక్కిస్తే నోరు తిరగదు. నడుమ జర జాగ ఇయ్యాలె. వాంట్, వాంటిడ్. నీడ్, నీడిడ్." మనుషుల మధ్య కూడా అంతేనని ఎప్పుడూ అనలేదు. ఆమెకు అలాంటి మాటలు చేతకావు. ఆమె తోకల గురించే మాట్లాడేది.

స్పెల్లింగు సంగతి వేరే. 'స్టాప్'కి తోక పెట్టేటప్పుడు రెండో 'పి' ఎందుకొస్తుందో పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కదు. ఆమె చెప్పేది ఇలా: "పీ ఒక్కతే ఉన్నది. తోక బరువుగున్నది. ఒక్కతే మొయ్యలేదు. ఇంకో పీని తోడిచ్చి పంపుండ్రి." ఆ తోడు ఇవ్వడం మరిచిపోయిన పిల్లాడి నోటుపుస్తకంలో ఆ మాట పక్కన ఎర్రసిరాతో ఏమీ రాసేది కాదు. పెన్సిల్‌తో చిన్న 'పి' ఒకటి గీసి, చేయి పట్టుకుని నడుస్తున్నట్టు రెండింటినీ ఒక గీతతో కలిపేది.

సన్నటి మనిషి. చీర కొంగుకి పిన్నీసు పెట్టి, ఆ పిన్నీసుకు ఇంకో పిన్నీసు తగిలించుకునేది, ఎవరికైనా అవసరం వస్తుందని. టిఫిన్ డబ్బా మూత మీదే అన్నం కలుపుకుని రెండు నిమిషాల్లో తినేసి, "ఫినిష్ట్. మోగలె," అనేది నాకేసి చూసి. నేను నవ్వేదాన్ని. నేను వనస్థలిపురం నుంచి వచ్చేదాన్ని. మావాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. నేను కాన్వెంటులో చదివి, ఇంగ్లీషు ఎమ్మే చేశాను. ఆమె నల్గొండ దగ్గర ఏదో ఊళ్ళో తెలుగు మీడియం. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దది, అయినా నన్ను 'మేడం' అనే పిలిచేది. నేనూ 'మేడం' అనే అనేదాన్ని. కానీ ఆ రెండు 'మేడం'లూ ఒకటి కావని ఇద్దరికీ తెలుసు.

ఇంగ్లీషు ఆమె ఎలా నేర్చుకుందో ఒకసారి చెప్పింది. ఏదో పెద్ద స్కూల్లో ఇంటర్వ్యూకి పోయి, "ఐ వర్కెడ్ ఇన్ నల్గొండ" అందట. ఎదురుగా కూర్చున్న ముగ్గురిలో ఒకామె పక్కనున్నాయన వైపు తిరిగి పెదవి బిగబట్టుకుందట.

"నవ్వలె మేడం. నవ్వితే బాగుండు. నవ్వు ఆపుకున్నది."

ఆ సాయంత్రమే ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్ల దుకాణానికి వెళ్ళి, మెమొరీ కార్డులో ఇంగ్లీషు పాఠాలు వేయించుకుంది. అల్మాస్‌గూడ బస్సులో రానూ పోనూ అవే. చెవుల్లో వైర్లు, గొంతు మీద వేళ్ళు, తనలో తాను గొణుక్కోవడం. ఒకరోజు పక్క సీటులో పెద్దావిడ జాలిపడి దగ్గుబిళ్ళ ఇచ్చిందట. "తీసుకున్న మేడం. ఐ థ్యాంక్ట్ హర్. సూసిన్రా, ఇదీ మోగలె."

ఇంకో మాట కూడా అంది, ఎప్పుడో, చాక్‌పీసు పొడి దులుపుకుంటూ. "మేము 'వస్తా' అనకుంట 'ఒస్త' అంటే మాట ఆఖర్లు మింగుతమని మీరు నవ్వుతరు. ఇంగ్లీషుల ఆఖర్లు మింగకుంటే ఆళ్ళు నవ్వుతరు. ఏడ మింగాల్నో ఏడ మింగొద్దో ముందుగాల ఎవ్వరు చెప్పరు మేడం. తప్పు చేసినంకనే తెలుస్తది." అందులో నామీద నిష్ఠూరం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను ఆమె తెలుగును వెక్కిరించిన గుర్తు లేదు. లేదని గట్టిగా అనలేను కూడా.

ఆమె క్లాసు రోజూ ఒకే ప్రశ్నతో మొదలయ్యేది. "నిన్న ఏం చేసినవ్?" ఒక్కొక్కరూ లేచి ఒక్క వాక్యం చెప్పాలి. ఐ వాచ్ట్ టీవీ. ఐ హెల్ప్ట్ మై మదర్. మాట తప్పయితే పరవాలేదు, తోక తప్పితే మాత్రం మళ్ళీ చెప్పించేది. ఒకరోజు ఆమెకు జ్వరంగా ఉంటే నేను తోడుగా వెనక బెంచీలో కూర్చున్నాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల లేచింది. చాలాసేపు నిలబడి, "నా... మై ఫాదర్ పుషెడ్ మై మదర్," అంది.

క్లాసంతా వేళ్ళు గొంతుల మీదికి తెచ్చుకుంది. 'పుష్ట్' అని దిద్దడానికి నలభై మంది సిద్ధంగా ఉన్నారు. టీచర్ కోసం చూస్తున్నారు. ఆమె చెయ్యి పైకి లేచి, మధ్యలోనే ఆగిపోయింది.

"బాగ చెప్పినవ్. కూసో బిడ్డా," అంది.

"టీచర్, తోక..." అని ముందు బెంచీ శ్రావణి గుర్తు చేసింది.

"ఉన్నది. నాకు ఇనబడ్డది," అంది ఆమె. ఆ సాయంత్రం ఆ పిల్లను చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టి వచ్చింది. అక్కడ ఏం జరిగిందో నాకు చెప్పలేదు. తర్వాత ఆ పిల్ల తల్లి రెండు మూడుసార్లు స్కూలుకు వచ్చి, మెట్ల కింద నిలబడి ఆమెతో మాట్లాడి వెళ్ళింది.

ఇక చెప్పాల్సింది చెప్పాలి.

శ్రావణి వాళ్ళ నాన్న ఎల్బీనగర్ అవతల ప్లాట్ల వ్యాపారం చేసేవాడు. ఒకప్పుడు అక్కడ వాళ్ళకు పొలాలుండేవి. మా స్కూలు నడిచే ఇల్లు కూడా ఆయనదే. ఒక మధ్యాహ్నం ఆయన కరస్పాండెంట్ గదికి వచ్చాడు. ఈడీ టీచర్‌నీ, నన్నూ పిలిపించారు. ఉంగరాలున్న చెయ్యి బల్ల మీద పెట్టి ఆయన మొదలుపెట్టాడు.

"రాసేది డీ, సదివేది టీ. గిదేం సదువు సార్? నిన్న నేను ఇంట్ల 'వాకెడ్' అన్న. నా బిడ్డ నవ్వింది. 'గట్ల గాదు నాయినా, గొంతు మీద ఏలు పెట్టు' అంటది. మా తమ్ముళ్ళు, సుట్టాలు అందరు కూసున్నరు. నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఆయన కోపంగా ఉన్నాడు. కానీ ఆ కోపం కింద ఉన్నదేమిటో ఆ గదిలో ఒక్క మనిషికే తెలుసు. ఆమె ఒక అడుగు ముందుకు వేసి, చాలా మెత్తగా అంది. "సార్, మీది తప్పు గాదు. మనకు ఎవ్వరు చెప్పలె, గంతే. నేను గూడ ముప్పై ఏండ్లు వాకెడ్ అనే అన్న."

"అంటే? నాకు రాదంటున్నవా?"

"గట్ల గాదు సార్..."

కరస్పాండెంట్ చెయ్యెత్తి ఆపాడు. నా వైపు తిరిగాడు. "మేడం, మీరు ఎమ్మే ఇంగ్లీష్. మీరు చెప్పండి. ఏది కరెక్ట్?"

నా నోట్లో ఒకే ఒక్క వాక్యం ఉంది. 'టీచర్ చెప్పిందే కరెక్ట్ సార్.' అంతే. ఊపిరి పీల్చుకుని అనేయాల్సిన మాట. ఆ వారమే కరస్పాండెంట్ నన్ను వైస్ ప్రిన్సిపల్ని చేస్తానని అన్నాడు. ఇంటి ఓనరు ముందు ఆయన మొహం ఏం కోరుతోందో నాకు కనిపిస్తోంది. ఫ్యాను తిరుగుతోంది. ఆమె నన్ను చూస్తోంది, భయం లేకుండా, జవాబు తెలిసిన మనిషిని సాక్ష్యానికి పిలిచినప్పుడు చూసినట్టు.

"రెండు రకాలుగానూ అంటుంటారు సార్," అన్నాను.

ఆమె చూపు నామీద నుంచి మెల్లగా తప్పుకుని గోడ మీది క్యాలెండరు మీదికి పోయింది. మళ్ళీ నామీదికి రాలేదు.

"ఇగో, మేడమే అన్నది. పిల్లలకు రాసినట్టే చెప్పుండ్రి. రేపే చెప్పుండ్రి," అని ప్లాట్లాయన లేచాడు.

మర్నాడు ఆమె క్లాసు బయట వరండాలో నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు. ఆమె బోర్డు మీద ఒక్క మాట రాసి, చదవమంది. నలభై గొంతులూ 'వాక్ట్' అన్నాయి. శ్రావణి గొంతు అన్నిటికన్నా పైన ఉంది. ఆమె, "ఇంట్ల నాయిన అడిగితే వాకెడ్ అనుండ్రి. నాయిన మీద నవ్వొద్దు. ఎవ్వల మీద నవ్వొద్దు. పరీక్షల స్పెల్లింగే గదా, అది ఎట్లన్న ఒక్కటే. బయట దునియాల మాత్రం..." అంది. ఆ వాక్యం పూర్తి చేయలేదు. డస్టర్ తీసుకుని బోర్డు తుడిచింది.

ఆ నెలలోనే ఆమెను ఎల్‌కేజీకి మార్చారు. ఆరో తరగతి ఇంగ్లీషు నాకు ఇచ్చారు. నేను ఆ గదిలోకి వెళ్ళిన మొదటిరోజు పిల్లలు అలవాటుగా గొంతుల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. "వేళ్ళు దించండి," అన్నాను. దించారు. కింద అంతస్తు నుంచి ఆమె గొంతు, ఏ ఫర్ యాపిల్, బీ ఫర్ బాల్, సంవత్సరమంతా అలా పైకి వస్తూనే ఉంది. మార్చిలో ఆమె మానేసింది. వెళ్ళేరోజు స్టాఫ్‌రూంలో అందరికీ లడ్డూలు పంచింది. నాకూ ఒకటి పెట్టింది, చేతిలో కాదు, కాగితంలో చుట్టి నా బల్ల మీద.

మళ్ళీ ఒక్కసారే కనిపించింది. ఎల్బీనగర్ చౌరస్తాలో, మెట్రో వచ్చిన కొత్తలో. స్టేషను కింద బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఎవరో మోచేతి దగ్గర తట్టారు. చూస్తే ఆమె. జుట్టు తెల్లబడింది. సంచి నిండా పిల్లల నోటుపుస్తకాలు. ఇంట్లోనే ట్యూషన్ చెబుతున్నానని, అల్మాస్‌గూడ పిల్లలు ఇరవైమంది వస్తారని చెప్పింది. నేను ఇప్పుడు ఎక్కడ చేస్తున్నానో అడిగింది. నా మనసులో ఆ మధ్యాహ్నం గది, ఫ్యాను, క్యాలెండరు. క్షమించమని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమె మొదలుపెట్టనివ్వలేదు.

"మేడం, మీరు కలిసిన్రు మంచిగైంది. ఒక డౌటున్నది. నేర్చుకున్నడు అనేదానికి లర్న్డ్ అంటం గదా. మరి బాగ సదువుకున్న పెద్దమనిషిని అనేటప్పుడు, అవే అక్షరాలను, లర్నిడ్ అంటరంట. నిజమేనా?"

నాకు తెలిసిన విషయమే. నోటికి వచ్చిన మాట అనేశాను.

"అవునండీ. దాన్ని రెండు రకాలుగానూ అంటారు."

అన్నాక నా చెవులకు వినిపించింది. అవే మాటలు. ఆమెకు కూడా వినిపించాయి. చౌరస్తా హారన్లన్నీ ఒక్కక్షణం దూరంగా జరిగినట్టయింది. ఆమె మొహంలో కోపం లేదు. లెక్క సరిచూసుకునే పిల్లలా నన్ను చూసి, మెల్లగా అడిగింది.

"ఈసారి నిజమేనా మేడం?"

"ఈసారి నిజమే," అన్నాను.

తల ఊపింది. ఆమె బస్సు వచ్చింది. సంచి భుజానికి ఎత్తుకుని, పరుగులాంటి నడకతో వెళ్ళి ఎక్కింది. కిటికీ దగ్గర సీటు దొరికింది. వెనక్కి చూస్తుందేమోనని బస్సు ఫ్లైఓవర్ దాటేదాకా నిలబడ్డాను. గాజు వెనక ఆమె చెయ్యి గొంతు మీదికి వెళ్ళడం కనిపించింది. లర్న్డ్, లర్నిడ్ అనుకుంటూ ఉండి ఉంటుంది.

ఆ తర్వాత ఎన్నో రాత్రులు, పగళ్ళు ఆ ప్రశ్న నాతోనే ఉంది. క్లాసులో ఏ పిల్లవాడైనా "ఇది కరెక్టేనా మేడం?" అని అడిగితే, నాకు వినిపించేది ఆ పిల్లవాడి గొంతు కాదు. సరైన జవాబే చెబుతాను. చెప్పాక కూడా ఎవరో వెనక బెంచీలో కూర్చుని తల ఊపడానికి ఆలోచిస్తున్నట్టు ఉంటుంది.

శ్రావణి ఫోన్ చేసిన మూడోరోజు అల్మాస్‌గూడ వెళ్ళాను. సందులో రెండు గదుల ఇల్లు. గుమ్మం పక్కన పిల్లల చెప్పుల కోసం చెక్క స్టాండు, ఇప్పుడు ఖాళీగా ఉంది. ఆమె భర్త తలుపు తీశాడు. సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నేను ఎవరో చెప్పాను.

ఆయన మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. అలాంటి ఇంట్లో, అలాంటి రోజున ఆ వెలుగు చూసి నాకు భయం వేసింది.

"ఎమ్మే మేడం మీరేనా? రాండ్రి, కూసోండ్రి. మా ఆమె మీ గురించి చెప్పని దినం లేదు."

కూర్చున్నాను. ఫోటో ముందు దీపం ఉంది. ఆయన ఎదురుగా స్టూలు లాక్కున్నాడు.

"ఆ ప్లాట్లాయన స్కూలుకొచ్చి లొల్లి జేసిన నాడు, మీరొక్కరే ఆమె దిక్కు మాట్లాడిన్రంట గదా. అందరి ముంగట 'ఈమె చెప్పిందే కరెక్ట్' అన్నరంట. గా మాట పట్టుకునే ఇన్నేండ్లు ట్యూషన్ చెప్పింది మేడం. ఎవ్వరన్న తల్లిదండ్రులొచ్చి గదేంది గిదేంది అంటే, 'ఎమ్మే మేడమే కరెక్టన్నది, ఇంక మీరేంది' అనేది. మీరు ఆనాడు అనకపోతే ఈమె పుస్తకం మళ్ళ ముట్టకపోతుండె."

ఈసారి ఆ గదిలో కరస్పాండెంట్ లేడు, ప్లాట్లాయన లేడు. నా వైపు చూస్తున్నది ఈయన ఒక్కడే.

"నేను అనలేదండీ," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు.

"ఆ రోజు ఆమె తరఫున నేనేమీ మాట్లాడలేదు. ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. తెలిసీ, రెండూ సరేనని చెప్పాను. దానివల్లే ఆమెను క్లాసు నుంచి తీసేశారు. నేనే కారణం."

ఆయన నన్ను చూశాడు. తర్వాత ఫోటో వైపు చూశాడు. మళ్ళీ నన్ను. కోపం వస్తుందని, వెళ్ళిపొమ్మంటాడని ఎదురుచూశాను. నిజానికి అదే కోరుకున్నాను.

ఆయన నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు.

"లేదు మేడం. ముప్పై ఏండ్లు కాపురం చేసిన. ఆమె అబద్ధమాడంగ నేను చూడలె. మీరు అనే ఉంటరు. శానేండ్లాయె గదా, మీరే మరిచిపోయిన్రు."

"లేదండీ, నాకు బాగా గుర్తుంది..."

"కూసోండ్రి. చాయ్ పెట్టుకొస్త," అని ఆయన లేచి లోపలికి వెళ్ళాడు.

లోపల గిన్నె కడుగుతున్న చప్పుడు. స్టవ్ వెలిగిన చప్పుడు. నేను కూర్చునే ఉన్నాను.